బండలాగుడు పోటీలు: గెలిపించేది గిత్తల సత్తానా.. చీటీలో వచ్చిన నంబరా? ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో ఎప్పటి నుంచో నలుగుతున్న ప్రశ్న

ఒక్క అడుగు తేడా. ఒక్కోసారి అంగుళాల్లోనే తేడా. ఆ కాస్త తేడాతోనే ఫస్ట్ ప్రైజ్ ఒకరింటికి, సెకండ్ ప్రైజ్ మరొకరింటికి వెళ్తుంది. ఏడాది పొడవునా గిత్తలను సొంత బిడ్డల్లా సాకిన రైతు, ఆ అంగుళాల దగ్గరే ఆగిపోతాడు. ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు ఆయన మనసులో మెదిలే మాట ఒకటే.. "మన చీటీ పొద్దున పూట వచ్చుంటే?"

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో బండలాగుడు పోటీ అంటే ఆట ఒక్కటే కాదు, పరువు కూడా. ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలో సంక్రాంతి, ఉగాది, శ్రీరామనవమి, ఊరి తిరునాళ్ల.. ఏ సందర్భం వచ్చినా బరి సిద్ధం చేసేస్తారు. ఇప్పుడు యూట్యూబ్ లైవ్‌లు కూడా వచ్చేశాయి. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్న మన ఊరోళ్లు ఫోన్‌లోనే పోటీ చూసేస్తున్నారు. చూసే జనం పెరిగేకొద్దీ ప్రశ్నలూ పెరుగుతున్నాయి. కామెంట్లలో ఎక్కువగా కొట్టుకునేది గిత్తల గురించి కాదు.. రూల్స్ గురించే.

మరి ఆ రూల్స్‌లో న్యాయం ఎంత? అదృష్టం ఎంత? ఒక్కొక్కటిగా చూద్దాం.

పోటీ ఎలా జరుగుతుంది?

తెలియని వాళ్ల కోసం క్లుప్తంగా చెప్పుకుందాం. ఒక బండరాయి ఉంటుంది. దాన్ని గొలుసుతో ఎడ్ల జత కాడికి కడతారు. నిర్ణీత సమయంలో ఆ బండను ఎంత దూరం లాగితే అంత లెక్క. బరి ఈ చివర నుంచి ఆ చివరకు లాగాలి, మలుపు తిప్పుకోవాలి, మళ్లీ వెనక్కి లాగాలి. సమయం అయిపోయేసరికి బండ ఎక్కడుందో అక్కడ టేపు పెట్టి కొలుస్తారు. అడుగులు, అంగుళాల్లో లెక్క చెబుతారు. ఎవరి దూరం ఎక్కువైతే వాళ్లే విజేత.

అన్ని గిత్తలనూ ఒకే గాటన కట్టరు. పళ్లను బట్టి విభాగాలు ఉంటాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన జూనియర్స్, సీనియర్స్. విభాగం మారితే బండ బరువు మారుతుంది, సమయమూ మారుతుంది. ఇక ఏ జత ముందు దిగాలి, ఏ జత తర్వాత దిగాలి అనేది చీటీ తీసి తేలుస్తారు.

వినడానికి చాలా సింపుల్‌గా ఉంది కదా? అసలు చిక్కంతా ఆ చీటీలోనే ఉంది.

చీటీ న్యాయమేనా?

చీటీ తీయడంలో ఎవరి చేతివాటం లేకపోతే అందరికీ సమాన అవకాశమే. ఇందులో అనుమానం లేదు. కానీ సమాన అవకాశం వేరు, సమాన పరిస్థితులు వేరు. చీటీ మొదటిదే ఇస్తుంది, రెండోది ఇవ్వదు.

ఎండ సంగతే తీసుకోండి. ఉదయగిరి కొండ కింద ఎండాకాలం ఎలా ఉంటుందో ఆ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున 7 గంటలకు దిగిన జత ఒక వాతావరణంలో లాగుతుంది. మిట్టమధ్యాహ్నం దిగిన జత ఇంకో వాతావరణంలో లాగుతుంది. రాత్రి ఫ్లడ్ లైట్ల కింద దిగిన జతది మూడో లెక్క. ఒంగోలు జాతి ఎండకు తట్టుకునే జాతే. అయినా అంత బరువు లాగేటప్పుడు ఒంట్లో పుట్టే వేడికి బయటి వేడి కూడా తోడైతే గిత్త తొందరగా అలసిపోతుంది. మూడు జతల దూరాలనూ చివరికి ఒకే బోర్డు మీద పక్కపక్కనే రాస్తున్నాం. ఎండ వివరం మాత్రం ఆ బోర్డు మీద ఎక్కడా ఉండదు.

నేల సంగతి ఇంకా ముఖ్యం. మొదటి జత దిగేటప్పుడు బరి ఒకలా ఉంటుంది. పది జతలు లాగాక ఇంకోలా ఉంటుంది. బండ రాసుకుపోయి కొన్నిచోట్ల నేల గట్టిపడుతుంది, కొన్నిచోట్ల గిట్టలు దిగబడి గుల్లబారుతుంది. మధ్యలో నీళ్లు చల్లితే మళ్లీ మారిపోతుంది.

నీళ్లు చల్లితే ఏముందిలే అనుకోవద్దు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు దీన్ని ప్రయోగం చేసి మరీ చూశారు. పూర్వం ఈజిప్టు వాళ్లు అంతంత పెద్ద రాళ్లను, విగ్రహాలను ఎడారి ఇసుక మీద ఎలా లాగారన్నది వాళ్ల ప్రశ్న. ఇసుకను సరైన మోతాదులో తడిపితే లాగడానికి కావాల్సిన బలం దాదాపు సగానికి తగ్గుతుందని వాళ్లు తేల్చారు. తడి మరీ ఎక్కువైతే మళ్లీ కష్టమే. మన బరి ఈజిప్టు ఇసుక కాదు, నిజమే. కానీ విషయం అర్థమైంది కదా.. ట్యాంకర్ ఎప్పుడొచ్చింది, ఎన్ని బిందెల నీళ్లు పడ్డాయి అన్నది కూడా ఫలితాన్ని మార్చేయగలదు.

ఇక మూడోది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆఖరున దిగే జతకు టార్గెట్ తెలుసు. ముందు దిగిన వాళ్లు ఎన్ని అడుగులు లాగారో బోర్డు మీదే ఉంటుంది. ఎక్కడ ఊపు తగ్గించాలి, ఎక్కడ పెంచాలి అన్న లెక్క తోలేవాళ్ల చేతిలో ఉంటుంది. మొదట దిగిన జతకు ఆ సౌకర్యం లేదు. క్రికెట్‌లో ఛేజింగ్ చేసే జట్టుకు స్కోరు ముందే తెలిసినట్టే ఇది కూడా.

ఆకాశంలోనూ ఇదే గొడవ

ఇది మన బరికే పరిమితమైన సమస్య కాదు. ఇంజిన్ లేని విమానాలతో జరిగే పోటీల్లోనూ ఇదే రచ్చ దశాబ్దాలుగా నడుస్తోంది. అవే గ్లైడర్ రేసులు.

గ్లైడర్‌కు ఇంజిన్ ఉండదు. ఎండకు నేల వేడెక్కితే పైకి లేచే గాలి సుడులే దానికి ఇంధనం. గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి చూడండి.. అచ్చం అలాగే. పోటీలో నిర్ణీత దారి మొత్తం తిరిగి ఎవరు ఎక్కువ వేగంతో వస్తే వాళ్లు గెలిచినట్టు. అయితే ఎప్పుడు బయల్దేరాలన్నది చాలా పోటీల్లో పైలట్ ఇష్టానికే వదిలేస్తారు. స్టార్ట్ లైన్ తెరుచుకున్నాక ఎప్పుడు దాటితే అప్పటి నుంచి అతని గడియారం మొదలవుతుంది.

మరి ఎవరైనా ముందు వెళ్తారా? వెళ్లరు. ఎందుకంటే ముందు వెళ్లినవాడు గాలి సుడులను సొంతంగా వెతుక్కోవాలి. వెనక వచ్చేవాడికి ఆ పని లేదు. ముందున్న గ్లైడర్ ఎక్కడ గుండ్రంగా తిరుగుతుంటే అక్కడ గాలి ఉన్నట్టే. దాంతో అందరూ స్టార్ట్ లైన్ దగ్గరే చక్కర్లు కొడుతూ ఎదుటివాడు కదిలేదాకా కాచుకుని కూర్చుంటారు. చివరకు గుంపుగా బయల్దేరతారు. గుంపుగా ఎగిరితే ఒకదాన్నొకటి గుద్దుకునే ప్రమాదం కూడా ఉంది. అంటే రూల్‌లో ఉన్న చిన్న లొసుగు.. ముందు న్యాయాన్ని, తర్వాత ప్రాణాలనే ఇరకాటంలో పెట్టేసింది.

దీనికి వాళ్లు రకరకాల మందులు వేసి చూశారు. ఒకటి, పైలట్ ముందుగా ఒక బటన్ నొక్కాలి, నిర్ణీత సమయం ఆగాలి, ఆ తర్వాత తక్కువ నిమిషాల్లోనే లైన్ దాటేయాలి. బటన్ ఎన్నిసార్లంటే అన్నిసార్లు నొక్కడానికీ వీల్లేదు. రెండు, గ్రాండ్ ప్రి పద్ధతి. అందరూ ఒకేసారి బయల్దేరతారు, ముందు చేరినవాడే విజేత. చూసేవాళ్లకు సులభంగా అర్థమవుతుంది. అయినా ముందున్నవాణ్ని చూసి నేర్చుకునే అవకాశం ఇందులోనూ పూర్తిగా పోలేదు.

గమనించండి. గ్లైడర్ రేసులో వెనక ఉండటమే లాభం. బండలాగుడులో ఒక్కో రోజు ముందుండటం లాభం, ఒక్కో రోజు చివర ఉండటం లాభం. కానీ మూల సమస్య ఒక్కటే.. వేర్వేరు సమయాల్లో, వేర్వేరు పరిస్థితుల్లో చేసిన పనిని ఒకే కొలబద్దతో కొలవడం.

క్రికెట్ నేర్చుకున్న పాఠం

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 1992 ప్రపంచకప్ సెమీఫైనల్. సిడ్నీలో ఇంగ్లండ్‌తో దక్షిణాఫ్రికా ఆడుతోంది. 13 బంతుల్లో 22 పరుగులు కావాలి. ఇంతలో వాన వచ్చింది. వాన ఆగాక లెక్క చూస్తే ఒక్క బంతికి 21 పరుగులు! అప్పట్లో ఉన్న వాన రూల్ అది. ఎవరూ మోసం చేయలేదు. అంపైర్ తప్పు చేయలేదు. రూల్‌ను రూల్‌లాగే అమలు చేశారు. అయినా అది అన్యాయమని ప్రపంచం మొత్తానికీ కనిపించింది.

ఆ తర్వాత ఏమైంది? రూల్ మార్చారు. డక్‌వర్త్ లూయిస్ పద్ధతి వచ్చింది. అది కూడా అందరికీ నచ్చలేదు కానీ, పాత దానికంటే మేలే అని ఒప్పుకున్నారు.

ఇక్కడ మనం పట్టుకోవాల్సిన పాయింట్ ఇదే. రూల్ ప్రకారమే చేశాం అన్నంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. రూలే సరిగ్గా ఉందా లేదా అనేది వేరే ప్రశ్న. బండలాగుడు కమిటీల మీద ఎవరైనా అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే.. "చీటీ మీ ముందే తీశాం కదా" అని. నిజమే, తీశారు. కానీ ప్రశ్న చీటీ తీయడం గురించి కాదు, చీటీ తీశాక ఏం జరుగుతోందన్న దాని గురించి.

పళ్లతో వయసు.. ఎంతవరకు కరెక్ట్?

రెండో పెద్ద గొడవ విభాగాల దగ్గర. గిత్తకు ఎన్ని శాశ్వత పళ్లు వచ్చాయో చూసి విభాగం ఖరారు చేస్తారు. తరతరాల అనుభవం ఉన్న పద్ధతి ఇది. దీన్ని తీసిపారేయలేం. కాకపోతే పళ్లు రావడం అన్ని పశువుల్లో ఒకే రోజు జరగదు. మేత, జాతి, ఆరోగ్యాన్ని బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ అవుతుంది. రెండు గిత్తలకూ నాలుగు పళ్లే ఉన్నా, ఒకటి ఇప్పుడే నాలుగు పళ్లలోకి వచ్చి ఉండొచ్చు, ఇంకొకటి రేపో మాపో ఆరు పళ్లలోకి వెళ్లేలా ఉండొచ్చు. ఎదిగే వయసులో ఆ నెలల తేడా చాలా పెద్దది.

దీనికి ఖర్చు లేని దారి ఒకటి మన చేతిలోనే ఉంది. పశువుల చెవికి వేసే 12 అంకెల ట్యాగ్. దూడప్పుడే ట్యాగ్ వేయించి, పుట్టిన తేదీ నమోదు చేయిస్తే రేపు బరిలో వాదన ఉండదు. పళ్లు చూడటం మానక్కర్లేదు. పళ్లు, ట్యాగ్ రెండూ చూస్తే సరిపోతుంది. రెండూ కలవకపోతే అప్పుడు పశువైద్యుడిని అడగొచ్చు.

అంగుళానికి అంత ధరా?

ఇప్పుడు స్కోరింగ్ దగ్గరికొద్దాం. గ్లైడర్ పోటీల్లో రోజు విజేతకు గరిష్ఠంగా 1,000 పాయింట్లు ఇస్తారు. మిగతా వాళ్లకు వాళ్ల వేగాన్ని బట్టి, విజేతకు ఎంత దగ్గరగా వస్తే అంత దగ్గరగా పాయింట్లు ఇస్తారు. కొంచెం వెనకబడితే కొంచెమే పోతుంది. పైగా ఆ రోజు వాతావరణం బాగాలేక ఎక్కువ మంది పూర్తి చేయలేకపోతే, ఆ రోజు విలువనే తగ్గించేస్తారు. అదృష్టం ఎక్కువగా పనిచేసిన రోజుకు తక్కువ మార్కులు అన్నమాట.

మన దగ్గర ర్యాంకే లెక్క. ఉదాహరణకు అనుకుందాం.. ఒక జత 3,000 అడుగులు లాగింది, రెండో జత 2,999 అడుగులు లాగింది. తేడా ఒక్క అడుగు. ఫస్ట్ ప్రైజ్ లక్ష రూపాయలు, సెకండ్ ప్రైజ్ 80 వేలు అయితే ఆ ఒక్క అడుగు ధర 20 వేలు. మూడో జత 2,500 అడుగుల దగ్గరే ఆగిపోయి 60 వేలు తీసుకుందనుకోండి. అక్కడ 499 అడుగుల తేడాకు కూడా అదే 20 వేలు! అడుగుకు 40 రూపాయలు చొప్పున పడినట్టు.

దాతలు ప్రకటించే బహుమతులను ఇష్టమొచ్చినట్టు మార్చలేం, అది ఒప్పుకోవాలి. ఫస్ట్ ప్రైజ్ ఫలానా వారి పేరు మీద, సెకండ్ ప్రైజ్ ఫలానా వారి జ్ఞాపకార్థం అని మైకులో చెబుతారు కదా. కానీ ఒక చిన్న రూల్ పెట్టొచ్చు. కొలతలో పొరపాటుకు అవకాశం ఉన్నంత తేడా ఉంటే, అంటే టేపు కాస్త వంగినా మారిపోయేంత తేడా ఉంటే, రెండు జతలనూ సమానంగా ప్రకటించి రెండు బహుమతులనూ కలిపి చెరిసగం పంచాలి. ఎంత తేడా వరకు సమానం అనేది పోటీకి ముందే మైకులో చెప్పేయాలి. పోటీ అయ్యాక చెబితే అది రూల్ కాదు, పంచాయితీ.

గడియారం సంగతి కూడా అంతే. విజిల్ ఊదగానే సమయం మొదలైనట్టా, బండ కదిలాక మొదలైనట్టా? గొలుసు తెగితే, కాడి విరిగితే ఆ సమయం కలుపుతారా, కలపరా? మలుపు దగ్గర బండ గీత దాటకుండానే తిప్పేస్తే ఏం చేస్తారు? ఇవన్నీ కాగితం మీద రాసి ఉండాలి. జత మారినప్పుడల్లా జవాబు మారకూడదు.

దూరం ఒక్కటే లెక్క అయితే.. దెబ్బ ఎవరికి?

ఇక అసలు విషయం. ఈ పోటీలో మాట్లాడలేని పోటీదారులు ఇద్దరున్నారు. వాళ్లకే ఎక్కువ దెబ్బ.

స్కోరు అంటే దూరం ఒక్కటే అయినప్పుడు, ఆఖరి నిమిషంలో తోలేవాడి చేతిలో చర్నాకోల ఎంత వేగంగా లేస్తుందో లైవ్ చూసే వాళ్లందరికీ తెలుసు. వద్దని మైకులో చెబుతూనే ఉంటారు. కానీ మాట వినకపోతే పోయేదేమీ లేదు, వింటే మాత్రం ప్రైజ్ పోతుంది. మరి ఎవరు వింటారు? ఎండలో లాగాల్సి వచ్చిన జతకు ఇది రెండింతల శిక్ష. పొద్దున జత సులువుగా లాగిన దూరాన్ని మధ్యాహ్నం అందుకోవాలంటే ఆ లోటును పూడ్చేది గిత్త వీపే.

బ్రిటన్ గుర్రప్పందేల్లో దీనికి సూటి పరిష్కారం పెట్టారు. ఒక్కో రేసులో కొరడా ఎన్నిసార్లు వాడొచ్చో కచ్చితమైన అంకె ఉంది. 2023 నుంచి ఆ పరిమితిని నాలుగు లేదా అంతకంటే ఎక్కువసార్లు దాటితే ఆ గుర్రం గెలుపే రద్దు. హితబోధ కాదు, స్కోరులోనే కోత. మన దగ్గరా అదే చేయొచ్చు. ఒక దెబ్బకు ఇన్ని అడుగుల కోత అని పెడితే చర్నాకోల దానంతటదే దిగుతుంది. ముల్లుకర్ర లాంటివి వాడితే నేరుగా అవుట్.

చట్టం వైపు నుంచీ ఇది ముఖ్యమే. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్లబండి పందేలను నిషేధిస్తూ తీర్పు ఇచ్చింది. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను సమర్థించింది. ఆ తీర్పులోని మూడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ రాష్ట్రాల సవరణలు నిలబడటానికి ఒక ముఖ్య కారణం.. జంతువులకు బాధ తగ్గించేలా రూల్స్ పెట్టుకోవడం. అంటే రాసిపెట్టిన రూల్స్ లేకుండా, సంప్రదాయం అన్న ఒక్క మాట మీద ఈ పోటీలు ఎక్కువ కాలం నిలవవు. రూల్స్ బాగుచేసుకోవడం అంటే పోటీని ఆపడం కాదు, కాపాడుకోవడం.

మరి పరిష్కారం ఏంటి?

ఒక్కో జతను రెండుసార్లు లాగించి సగటు తీస్తే సరిపోతుంది కదా అని కొందరు అంటారు. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ గిత్తల మీద రెట్టింపు భారం పడుతుంది. అది వద్దు. కమిటీలు ఖర్చు లేకుండా చేయగలిగినవి ఇవి.

మొదటిది, ఒక విభాగం మొత్తాన్ని ఒకే పూటలో ముగించడం. నాలుగు పళ్ల విభాగం అయితే పొద్దున్నే మొదలెట్టి ఎండ ముదిరేలోపు అయిపోవాలి. మిగిలితే సాయంత్రం అదే రకం చల్లదనంలో పెట్టాలి. మిట్టమధ్యాహ్నం బరి ఖాళీగా ఉండాలి. జతలు మరీ ఎక్కువైతే ఎంట్రీలకు పరిమితి పెట్టాలి.

రెండోది, ప్రతి జత తర్వాత బరిని ఒకేలా సరిచేయడం. నేల చదును చేయడం, నీళ్లు చల్లడం.. ఎవరికి ఎంత అనేది ఒకే కొలతలో ఉండాలి. నీళ్లు చల్లితే అందరికీ చల్లాలి, లేదంటే ఎవరికీ వద్దు.

మూడోది, చీటీ మాత్రం ఉండాల్సిందే. కానీ పోటీ రోజు బరి దగ్గర, లైవ్ కెమెరా ముందు తీయాలి. గడియారం తెర మీద కనిపించాలి. టేపు కొలతను కెమెరా దగ్గరగా చూపించాలి. ఫోన్‌లో చూసే వేలమందే ఉచితంగా దొరికే అంపైర్లు.

నాలుగోది, రూల్స్ అన్నీ ఒక పేజీలో రాసి, ఎంట్రీ ఫీజు తీసుకునేటప్పుడే రైతు చేతిలో పెట్టడం. ఊరికో రూల్ కాకుండా చుట్టుపక్కల మండలాల కమిటీలు కూర్చుని ఒకే రూల్ మీదకు వస్తే ఇంకా మంచిది.

ఇవన్నీ చేసినా అదృష్టం పూర్తిగా పోదు. పొద్దున ఆరు గంటలకు, తొమ్మిది గంటలకు మధ్య తేడా ఉండనే ఉంటుంది. చివరి జతకు టార్గెట్ తెలియనే తెలుస్తుంది. ఏ ఆటలోనూ అదృష్టాన్ని సున్నా చేయలేరు. చేయాల్సింది ఒక్కటే.. అదృష్టం వాటా సత్తా వాటాను మింగేయకుండా చూడటం.

చివరిగా ఒక మాట. బ్రెజిల్‌లో ఈరోజు కోట్ల సంఖ్యలో ఉన్న పశువుల జాతి పేరు 'నెలోర్'. మన ఒంగోలు జాతి నుంచే పుట్టిన ఆ పశువులకు మన నెల్లూరు పేరే పెట్టుకున్నారు. ప్రపంచం మొత్తం గుర్తించిన ఆ సత్తాకు సొంత గడ్డ మీద సరైన కొలత ఉండాలని అడగడం తప్పేమీ కాదు. ఇక్కడ మెట్టలో పొలం పనులు ట్రాక్టర్ల చేతికి వెళ్లిపోయాక కూడా ఒక రైతు గిత్తలను మేపుతున్నాడంటే, అది ఈ బరి కోసమే. ఆ బరి మీద నమ్మకం పోతే గిత్త కూడా కొట్టం నుంచి పోతుంది.

మీ ఊళ్లో పోటీలకు రాసిపెట్టిన రూల్స్ ఉన్నాయా? విభాగాలను ఒకే పూటలో ముగిస్తున్నారా? ఈసారి బరి దగ్గరికి వెళ్లినప్పుడు బోర్డు మీద దూరం ఒక్కటే కాదు.. ఆ జత ఏ టైంలో దిగిందో కూడా చూడండి.